చిలకలపూడి నగయు, అమ్మువాని పేరును

గుడివాడనుండి బందరునకు పోవు రైలు పెడన దాటిన పిమ్మట, దారి ముగియుటకు ముందు చిలకలపూడిలో ఆగును. పాండురంగస్వామిని సేవింప వచ్చు యాత్రికులు అచ్చట దిగుదురు. అయినను తెలుగునాట ఎందరో ఆడువారికి ఆ యూరిపేరు స్వామికంటె ముందు నగవలన తెలిసినది. చిలకలపూడి బంగారమన నేమో యెరుగని యిల్లాలు అరుదు. రాగిమీదనో, యిత్తడిమీదనో పలుచని బంగారపు పూత. చూపునకు బంగారము, వెలకు గాదు. మనవారు తెలిసియే కొన్నారు, తెలిసియే పెట్టుకొన్నారు. ఇందు మోసము లేదు. ఆ పూత యెంత మందమో, యెన్నాళ్లు నిలుచునో అమ్మువారికి మాత్రమే తెలిసి, కొనువారికి తెలియనిచోట మోసమునకు తావు కలుగును.

మా పిన్నిగారికి కుమార్తె పెండ్లి సమీపించినది. బంగారము పేరెత్తుటకు భయపడు దినములు. ఫోనులో ఒకరు నగలు చేతబట్టి చూపుచు వేలము వేయుచుండిరి. "అచ్చమైన చిలకలపూడి సరుకు, ఆరేండ్లు పూత పోదు, రెండే హారములు మిగిలినవి" అని వారు చెప్పుచుండగా, క్రింద ఎవరెవరో పాట పెంచుచు వ్రాయుచుండిరట. పిన్నిగారు బజారువెలకు రెండింతలు పాడి హారము తెప్పించుకొనిరి. రెండవ నెలలో అది మెడయొద్ద నల్లబడినది. అడుగుదమని వెదకగా ఆ యంగడి పేరే మాసిపోయి, అదే గొంతు మరియొక పేరుతో వెలసియున్నది. పిన్నిగారు పోయిన సొమ్మునకు అంతగా విచారింపలేదు. "వియ్యాలవారి యెదుట పిల్ల తల వంచుకొన్నదమ్మా" అని వగచిరి. "చిలకలపూడివారింతే" అనియు అనిరి. ఆ తుదిమాటయే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది. ఆ హారము చిలకలపూడిలో తయారయినదో కాదో ఆమెకును తెలియదు, నాకును తెలియదు.

కంటికి కనబడని సరుకును దూరమునుండి కొనుట మనకు క్రొత్త గాదు. మన అమ్మమ్మల కాలమున పత్రికలో ప్రకటన చూచి, కార్డు వ్రాసి, వి. పి. లో నగలు తెప్పించుకొనెడివారు. 1950 ప్రాంతముల చందమామ సంచికలు తిరుగవేసినచో, బందరులోని ఉమా గోల్డు కవరింగు వర్క్సువారి ప్రకటన కనబడును. లోహముపై అసలు బంగారపు రేకు అతికినామనియు, కాదని ఋజువు చేసినవారికి 10,000 రూపాయలు ఇత్తుమనియు, 'ఉమ' యను అక్షరములు చూచి పుచ్చుకొనుడనియు, ద్రావకములో వేసినచో రేకు బయటపడుననియు అందు కలదు.

సోదరీమణులు ఈ నాలుగు మాటలను నిదానించి చూడవలెను. మొదటిది, సరుకు దేనితో చేసినదో చెప్పుట. రెండవది, మాట తప్పినచో తమకు నష్టము కలుగునట్లు తామే పందెమొడ్డుట. మూడవది, తప్పు జరిగినచో ఆ తప్పు తమకే చేరునట్లు గుర్తు వేయుట. నాలుగవది, పరులు చేయగల పరీక్షను తామే నేర్పుట. ప్రకటన ప్రకటనయే, దానిని వేదవాక్యముగ కొననక్కరలేదు. అయినను "మా సరుకంతటిది లేదు" అను మాటకును, దీనికిని ఎంత దూరమున్నదో గమనింపుడు. గొప్పలు చెప్పుటకు ఖర్చు లేదు, పందెమొడ్డుటకు ఖర్చున్నది. అమ్మువాని పేరునకు విలువ వచ్చునది ఆ ఖర్చువలననే.

పెద్ద వెలలు పలుకు పాశ్చాత్యుల వేలములలోను ఇదే చిక్కున్నది. మన పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు కూడబెట్టినట్లు, అమెరికావారు బేసుబాలు ఆటగాండ్ర బొమ్మలున్న అట్టముక్కలను కూడబెట్టుదురు. ఒకప్పుడు సిగరెట్టు పెట్టెలలోను, పిల్లలు నమలు గమ్ముతోను వచ్చిన కార్డులవి. 1952 నాటి మికీ మాంటిల్ కార్డొకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు, అనగా సుమారు 100 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయెను. అంచు నలుగకున్నచో ఒక వెల, మూల విరిగినచో వేరొక వెల. ఆ భేదము ఫోటోలో తేలదు. 1995 లో పుట్టిన ఈబే యను అంతర్జాలపు వేలంశాల మరుసటి యేట, కొన్నవారు అమ్మినవారి మంచిచెడ్డలు వ్రాయు పద్ధతిని పెట్టినది.

ఆ పేరునకు వెల యెంత? 2006 లో రెస్నిక్ మొదలగు పండితులు ఒక ప్రయోగఫలము ప్రకటించిరి. పాత పోస్టుకార్డులమ్ము వర్తకుడొకడు ఒకే తీరు సరుకును కొంత తన పేరుతోను, కొంత ఎవరును ఎరుగని క్రొత్తపేర్లతోను అమ్మెను. పాతపేరునకు నూటికి 8 వంతున ఎక్కువ పలికినది. అదే సంవత్సరము జిన్, కేటో అను ఆర్థికశాస్త్రజ్ఞులు మరియొక సంగతి వెల్లడించిరి. వారు ఈబేలో ఆటగాండ్ర కార్డులను కొని, నిపుణులచేత తరగతి కట్టించిరి. మిక్కిలి గొప్పలు చెప్పినవారికి వెల యెక్కువ వచ్చినది కాని, వారి సరుకు మేలుగ లేదు. పైగా వారివద్ద మోసమే హెచ్చుగ నుండెను. మంచిపేరున్నవారు సొమ్ము తీసికొని యెగవేయుట తక్కువ. అయినను వారు పంపిన కార్డు ఇతరులు పంపినదానికంటె మేలైనది కాదట. కాగా పేరు, సరుకు చేరుటకు హామీ యగునుగాని, గుణమునకు హామీ కాజాలదు. గుణమును వేరుగ పరీక్షింపవలసినదే.

పెద్ద పేరును, పెద్ద వెలయు కలిసియున్నను జాగ్రత్త యవసరమే. హోనస్ వాగ్నర్ అను ఆటగాని కార్డొకటి 1991 లో 4,51,000 డాలర్లకును, 2007 లో 28 లక్షల డాలర్లకును అమ్ముడుపోయినది. దాని చక్కని అంచులను చూచి లోకము మురిసినది. 2013 లో బిల్ మాస్ట్రో యను పేరుపొందిన వేలముల వర్తకుడు, ఆ యంచులు తాను కత్తిరించినవే యని న్యాయస్థానమున ఒప్పుకొనెను. తన వేలములలో వెల పెంచుటకై దొంగపాటలు పాడించితిననియు ఒప్పుకొనెను. 2015 లో అతనికి 20 నెలల చెరసాల విధింపబడెను. మా పిన్నిగారి ఫోనులో పాట పెంచినవారెవరో ఎవరికి తెలియును?

కావున కొనుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేయవలెను. అడుగు లోహమేది, పూత యెంత, పోయినచో మరల వేసియిత్తురా, నచ్చనిచో తిరిగి పుచ్చుకొందురా అని అడిగి, బదులును వ్రాతమూలకముగ పొందుడు. "ఒక గ్రాము బంగారము" అనునది వ్యాపారపు పేరు మాత్రమే. అందు గ్రాము బంగారము కలదని తలపవలదు. 2021 జూన్ నుండి దశలవారీగ తప్పనిసరి చేయబడిన హాల్‌మార్కు అసలు బంగారు నగలకేగాని పూతనగలకు కాదు. అంగడి చిరునామా లేనిచో ఎంత చవుకయైనను మానుడు. పొగడ్తలు పిమ్మట చదువవచ్చును; నిందలు ముందు చదువుడు. అమ్మువారే కొన్నవారివలె నటించి పొగడ్తలు వ్రాసికొనరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెప్పుచున్నవి. వేలమైనచో, మీరు పెట్టదలచిన తుదివెలను ముందే కాగితముపై వ్రాసికొని, దానిని దాటకుడు. పెట్టె విప్పునపుడు ఫోనుతో చిత్రము తీసి యుంచుడు. మోసపోయినచో సిగ్గుపడి యూరకుండవలదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. 2019 నాటి చట్టము ననుసరించి, మీరు నివసించుచోటనే వినియోగదారుల కమిషనులో వ్యాజ్యము వేయవచ్చును.

ఇదంతయు మన సొమ్ము కొరకు మాత్రమే కాదు. మంచిచెడ్డలు గుర్తింపలేని కొనుగోలుదారు అన్నిటికిని తక్కువ వెలయే యిచ్చును. అందువలన మంచి సరుకు చేయువాడు గిట్టక సంతనే వదలును. పాతకార్ల వ్యాపారమును దృష్టాంతముగ తీసికొని ఈ సంగతిని 1970 లో వివరించిన అకెర్లాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞునికి 2001 లో నోబెల్ బహుమతి వచ్చినది. బందరు ప్రాంతమున తీగ లాగువారొకరు, అతుకు పెట్టువారొకరు, రాళ్లు పొదుగువారొకరు, మెరుగు పెట్టువారొకరు. ఒక్క గొలుసు ఎన్నో చేతులు మారి పూర్తియగును. ఆ చేతులలో ఆడువారి చేతులును ఉన్నవి. వారి కూలి యంతయు ఊరిపేరుమీద నిలిచియున్నది. ఎచ్చటనో చేసిన నాసిసరుకునకు ఆ పేరు తగిలించి అమ్మినవాడు కొనువారి సొమ్మునేగాక వీరి కూటిని గూడ హరించుచున్నాడు.

మొన్న పిన్నిగారు బందరు పోయినపుడు నల్లబడిన హారమును వెంట తీసికొనిపోయిరి. పనివారొకరు దానిని వెలుతురున త్రిప్పి చూచి, "ఇది మా పని కాదమ్మా, కాని పూత వేసియిత్తును, ఎన్నాళ్లుండునో ముందుగ చెప్పలేను" అని యనిరట. పిన్నిగారు ఆ మాటకే సంతోషించి, పూత వేయించుకొని, చిరునామాగల రసీదును భద్రముగ పెట్టెలో దాచిరి. "చిలకలపూడివారింతే" అని ఇప్పుడు అనుట లేదు.