తెలియని ప్రశ్నను ఏం చేయాలి?

డాక్టరు చదువుకు బుచ్చయ్యపేట కుర్రవాడైనా, హైదరాబాదు అమ్మాయైనా ‘నీట్’ పరీక్ష దాటవలసిందే. అందులో ఒప్పుకు 4 మార్కులు వస్తాయి. తప్పుకు 1 పోతుంది. తెలియని నాలుగు ప్రశ్నలకు గుడ్డెద్దు చేలో పడ్డట్టు జవాబులు గుర్తిస్తే, సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు. మిగిలేది 1 మార్కు. అదే, ప్రతి ప్రశ్న కింద ఉన్న నాలుగు జవాబులలో రెండింటిని తప్పని కొట్టివేయగలిగితే, సగటున రెండు ఒప్పు, రెండు తప్పు, మిగిలేవి 6!

మన ఈఏపీసెట్‌లోనైతే తప్పుకు కోత లేదు; ఒక్కటీ ఖాళీగా వదలరాదు.

2025 నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇచ్చారు. కాబట్టి తెలిసినవి ముందు, అనుమానమున్నవి తరువాత. పాఠంతోపాటు తప్పును ఏరివేయడం కూడా పిల్లలకు ఇంట్లోనే అలవాటు చేయించండి. ఒక్క మార్కుతో సీటు చేజారవచ్చు గదా!