ద్రాక్షసారా గుండెకు బలమా?

“డాక్టరుగారూ! వైన్ అంటే ద్రాక్షరసమే కదా. రోజూ ఒక గ్లాసు పుచ్చుకుంటే గుండెకు మంచిదట, నిజమేనా?” యాభై దాటినవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. బ్రాంది, విస్కీ ముట్టనివారు కూడా వైన్‌ను ఒక టానిక్‌లా భావిస్తున్నారు. జవాబుకు ముందు వైన్ ఎలా తయారవుతుందో, దాని గుణం దేనివల్ల మారుతుందో తెలుసుకుందాం.

పండు

మనం తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు. హైదరాబాదు పరిసరాల్లో పేరుపడిన అనాబెషాహి కాయ పెద్దది. కండ, రసం ఎక్కువ. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో వైన్‌కు వాడే కాబర్నే సావిన్యో కాయ చిన్నది, తొక్క మందం. కాయ చిన్నదైతే రసంతో పోల్చినప్పుడు తొక్క పాలు ఎక్కువన్నమాట. రంగు ఉండేది తొక్కలోనే. వగరు తొక్కలోనూ, గింజల్లోనూ ఉంటుంది. ఈ వగరు పదార్థాలనే టానిన్లు అంటారు. టీ డికాక్షన్ ఎక్కువసేపు మరిగితే నాలుక పిడచకట్టినట్లు అనిపించేది కూడా ఇటువంటి పదార్థాల వల్లనే.

నల్లద్రాక్ష తొక్క ఒలిచి చూడండి. చాలా రకాల్లో లోపలి గుజ్జుకు రంగుండదు. రసాన్ని తొక్కలతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్ వస్తుంది. తొక్కలు ముందే తీసివేస్తే తెల్ల వైన్ వస్తుంది.

నేల

మట్టి రుచి వైన్‌లోకి దిగుతుందని కొందరంటారు. వేళ్లు పీల్చేది నీటినీ, అందులో కరిగిన లవణాలనూ గాని, రాతి రుచిని కాదు. నేల చేసే పని నీటినీ, వేడినీ అదుపులో ఉంచడం. బోర్డోలో నదికి ఎడమవైపున ఉన్న మెడాక్‌లో గులకరాళ్ల నేలలున్నాయి. అక్కడ నీరు నిలవదు, రాళ్లు ఎండవేడిని పట్టి ఉంచుతాయి. అందుకే ఆలస్యంగా పండే కాబర్నే అక్కడ చక్కగా పక్వానికి వస్తుంది. కుడివైపున పోమెరోల్‌లో బంకమన్ను ఎక్కువ. అది చల్లగా ఉండి తేమను నిలుపుకుంటుంది. త్వరగా పండే మెర్లో ద్రాక్షకు అది అనుకూలం. కాబర్నే వైన్‌లో వగరు ఎక్కువ, మెర్లో వైన్ మెత్తన. ఎండ బాగా కాసిన ఏడు పండులో చక్కెర పెరిగి పులుపు తగ్గుతుంది.

తయారీ

ఈస్టు అనే సూక్ష్మజీవి రసంలోని చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ తయారుచేస్తుంది. లీటరు రసంలో సుమారు 200 గ్రాముల చక్కెర ఉంటే సుమారు 12 శాతం ఆల్కహాలు వస్తుంది. తరువాత ఓక్ పీపాల్లో నిలవ ఉంచితే వగరు మెత్తబడుతుంది, కొత్త వాసన చేరుతుంది. క్రిస్మస్‌కు ఇంట్లో పులియబెట్టే వైన్‌లోనూ జరిగేది ఇదే. ఇంట్లో చేసినంత మాత్రాన మత్తు లేకుండా పోదు.

గుండె సంగతి

ఫ్రెంచివారు వెన్న, జున్ను దండిగా తిన్నా గుండెపోట్లు తక్కువనీ, దానికి ఎర్ర వైన్ కారణం కావచ్చుననీ 1991లో అమెరికా టెలివిజన్‌లో ఒక కార్యక్రమం వచ్చింది. ఈ ప్రచారం అప్పటినుంచీ పెరిగింది. తొక్కలోని రెస్వెరట్రాల్ అనే పదార్థాన్ని అందరూ పొగిడారు. అది లీటరు వైన్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. పైగా భోజనంతో కొద్దిగా వైన్ తాగేవారిలో చాలామందికి మంచి ఆదాయం, మంచి ఆహారం కూడా ఉన్నాయి. తాగనివారి లెక్కలో జబ్బుచేసి మానేసినవారూ కలిశారు. ఆ పోలికలు తప్పుదారి పట్టించడానికి ఇవే కారణాలు.

ఆల్కహాలు పానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. ఆల్కహాలులో నిరపాయకరమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

ఒక లెక్క గుర్తుంచుకోండి. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేది సుమారు 10 గ్రాములు. వైన్ సౌమ్యమైనదనుకుని గ్లాసు నింపేవారు చిన్న పెగ్గు కంటే ఎక్కువే తాగుతున్నారన్నమాట. పండు, నేల, పీపా మార్చేది రంగునూ, రుచినీ, ధరనూ. కాలేయానికి చేరేది మాత్రం అదే ఆల్కహాలు.

ఎవరు జాగ్రత్తపడాలి?

గర్భిణులు, కాలేయవ్యాధి ఉన్నవారు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినవారు వైన్ జోలికి పోరాదు. నిద్రమాత్రలు, మూర్ఛమందులు వాడేవారూ అంతే. ఇన్సులిన్ లేదా కొన్ని మధుమేహ మాత్రలు వాడేవారికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైన్ నిలవకు కలిపే గంధకపు పదార్థాలు కొందరు ఉబ్బసరోగులకు పడవు. ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం వంటి మందుల్లోనూ పులియడంవల్ల పుట్టిన ఆల్కహాలు ఉంటుంది. వాటిని వాడుతుంటే మీ డాక్టరుకు చెప్పండి.

రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవారు హఠాత్తుగా సొంతంగా మానరాదు. వణుకు, ఫిట్స్ రావచ్చు. వైద్యుని పర్యవేక్షణలో మానాలి.

గుండె బలానికి కావలసినవి రోజూ అరగంట నడక, పొగాకు మానడం, రక్తపోటు అదుపు. ద్రాక్షలోని మేలు కావాలంటే పండ్లను బాగా కడిగి తొక్కతోనే తినండి. మధుమేహం ఉన్నవారు పరిమితంగా, తమ వైద్యుడు చెప్పిన మేరకే తినాలి.