ట్యాబ్ కొనకుండా ఆగితే నెలకు 526 రూపాయలు!

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన రోజే మా చుట్టాలు నాకు ఇంకో ఉద్యోగం కూడా ఇచ్చేశారు. జీతం లేని ఉద్యోగం. ఎవరింట్లో ఏ గ్యాడ్జెట్ కొనాలన్నా ముందు నాకు ఫోన్ చేస్తారు. ఈమధ్య వస్తున్న ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న: “అన్నా, ట్యాబ్ ఇప్పుడే కొనేయనా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగనా?”

ఏ ట్యాబ్ కొనాలి అంటే యూట్యూబ్ నిండా సమాధానాలే. ఎప్పుడు కొనాలి అన్న దగ్గరే తిప్పలు. ‘ఇప్పుడు కొంటే బుక్కయిపోతారు’ అని ఎర్రక్షరాల థంబ్‌నెయిల్ ఒకటి, దాని కిందే ‘ఈ డీల్ మళ్లీ రాదు’ అని ఇంకొకటి. రెండూ ఒకే ఛానల్‌వి కూడా అయ్యుండొచ్చు. అందుకని అభిప్రాయాలు పక్కన పెట్టి చిన్న లెక్క వేద్దాం. ఇంజినీరింగ్‌లో చదివినవాటిలో దీనికి పనికొచ్చేది భాగహారం ఒక్కటే.

యాపిల్ పదో తరం ఐప్యాడ్‌ని 2022 అక్టోబరులో ప్రకటించినప్పుడు మన దేశంలో దాని ధర 44,900 రూపాయలు. 2024 మే నెలలో కంపెనీయే దాన్ని 34,900కి తగ్గించింది. అంటే మొదటి రోజు కొనకుండా 19 నెలలు ఆగినవాళ్లకి సరిగ్గా పదివేలు మిగిలింది. పదివేలని 19తో భాగిస్తే 526. అర్థమైందా? ట్యాబ్ లేకుండా ఉన్నందుకు వాళ్లకి నెలకు 526 రూపాయల జీతం వచ్చినట్టు.

ఇది మంచి జీతమా కాదా అన్నది మీరెవరన్న దాన్ని బట్టి ఉంటుంది. రాత్రి భోజనం చేశాక మంచం మీద పడుకుని వెబ్ సిరీస్ చూడ్డానికి ట్యాబ్ కావాలనుకునేవాళ్లకి అది ఉత్తపుణ్యానికి వచ్చిన డబ్బే. ఫోను ఉంది, హాల్లో టీవీ ఉంది, ఏమీ ఆగిపోదు. హాయిగా ఆగొచ్చు.

మా పిన్ని కొడుకు సంగతి అలా కాదు. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాడు. టెలిగ్రామ్‌లో వచ్చే పీడీఎఫ్‌లు, కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు, పాత పేపర్లు అన్నీ ఫోన్‌లోనే చదువుతాడు. పేజీకి రెండు కాలమ్‌లుండే పీడీఎఫ్‌ని ఆరంగుళాల స్క్రీన్ మీద చదవడమంటే ఒక లైన్‌కి కుడికి జరపాలి, ఇంకో లైన్‌కి ఎడమకి జరపాలి. కళ్లు లాగేస్తే జిరాక్స్ సెంటర్‌కి పరుగు. పేజీ రూపాయి అనుకున్నా ఐదొందల పేజీల మెటీరియల్ తీయిస్తే ఆ నెల ‘జీతం’ అక్కడికక్కడే చెల్లు. ఇక సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఆ కాగితాల కట్టలు మోసుకెళ్లడం అదనం. అయినా వాడు దసరా సేల్ అని ఒకసారి, రిపబ్లిక్ డే సేల్ అని ఇంకోసారి ఏడాది పైనే ఆగాడు. నోటిఫికేషన్ మాత్రం వాడి కోసం ఆగదు కదా!

కాబట్టి ట్యాబ్ గురించి నన్నడిగేవాళ్లని నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న బడ్జెట్ ఎంత అని కాదు. రేపు పొద్దున ట్యాబ్ చేతికొస్తే ఈ నెలలో దాంతో ఏం పని చేస్తావు అని. గడగడా జవాబు వస్తే కొనేయమంటాను. “అంటే... చాలా వాటికి పనికొస్తుంది కదన్నా” అని నసిగితే ఆగమంటాను. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఇక కొత్త మోడల్ కోసం ఆగడం. ఇందులో చిక్కేమిటంటే అది ఎప్పుడొస్తుందో కంపెనీ చెప్పదు, చెప్పేవాళ్లంతా బయటివాళ్లే. 2012 మార్చిలో మూడో తరం ఐప్యాడ్ వచ్చింది. ఇంకో ఏడాది దాకా కొత్తది రాదులే అని జనం కొనుక్కున్నారు. అదే ఏడాది అక్టోబరులో నాలుగోది దిగింది, ఛార్జింగ్ పిన్ను కూడా మార్చేశారు. ఏడు నెలలకే చేతిలోది పాతదైపోయింది. దీనికి పూర్తిగా రివర్స్ 2023. ఆ ఏడాది మొత్తంలో యాపిల్ ఒక్క కొత్త ఐప్యాడ్ కూడా తేలేదు. 2010లో మొదటి ఐప్యాడ్ వచ్చాక అలా జరగడం అదే మొదటిసారి. ‘అక్టోబరులో వచ్చేస్తోంది’ అన్న వీడియోలు నమ్మి ఆగినవాళ్లకి పదో తరం తర్వాతి మామూలు ఐప్యాడ్ 2025 మార్చిలో గానీ దొరకలేదు. బీటెక్‌లో చేరినప్పుడు ఆగడం మొదలుపెట్టినవాడు థర్డ్ ఇయర్‌కి వచ్చేంత కాలం!

నిజం చెప్పాలంటే ఆ ఆగినవాళ్లకి దక్కింది తక్కువేం కాదు. అదే 34,900కి స్టోరేజ్ 64 నుంచి 128 జీబీ అయింది, ప్రాసెసర్ ఏ14 నుంచి ఏ16కి మారింది. కానీ నోట్స్ రాసుకోడానికీ, క్లాసులు చూడ్డానికీ ఆ రెండు ప్రాసెసర్ల మధ్య తేడా మీ వేలికి తెలియదు. స్టోరేజ్ తేడా మాత్రం తెలుస్తుంది. లెక్చర్లు డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లకి 64 జీబీ ఒక సెమిస్టర్‌కే నిండిపోతుంది.

తేదీ ఉన్నదాని కోసం ఆగడం వేరే విషయం. పండగ సేల్ సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుందని అందరికీ తెలుసు. మూడు వారాల్లో సేల్ ఉండగా ఇవాళ కొనడం తొందరపాటే. కాలేజీలు తెరిచే ముందు విద్యార్థి ఆఫర్లూ ఉంటాయి. అయితే తేదీ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ తేదీన మనకేం దక్కుతుందో కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు పెద్ద టీవీలు, ఏసీలు 28 శాతం నుంచి 18కి దిగాయి. ట్యాబ్‌లూ, ల్యాప్‌టాప్‌లూ, ఫోన్లూ అప్పటికే 18లో ఉన్నాయి. అక్కడే ఉండిపోయాయి. జీఎస్టీ తగ్గుతుందని ట్యాబ్ కోసం ఆగినవాళ్లకి ఆ రోజు వల్ల ఒరిగింది సున్నా.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మన తరం పుట్టినప్పట్నుంచీ ఒక నమ్మకంతో పెరిగింది: ఎలక్ట్రానిక్స్ అంటే ఆగేకొద్దీ చవకవుతాయి. ఆ నమ్మకానికి 2025 చివర్లో గట్టి దెబ్బ తగిలింది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో ఎక్కువ భాగం తయారుచేసేది మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకి హెచ్‌బీఎం అనే ఖరీదైన మెమరీ కావాలి. దాన్ని కూడా ఈ కంపెనీలే చేస్తాయి, చాలావరకు అవే ఫ్యాక్టరీ లైన్లలో. ఎక్కువ లాభం ఉన్న సరుకు వైపు లైన్లు మళ్లితే ఫోన్లకీ ట్యాబ్‌లకీ వెళ్లే మామూలు మెమరీకి కరువొస్తుంది. ధరలు పెరిగాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు కస్టమర్లకి మెమరీ అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పీసీ అసెంబుల్ చేసుకున్న ఎవరినడిగినా ఆ పేరు గుర్తుపడతారు.

లక్ష రూపాయల ట్యాబ్‌లో మెమరీ ఖర్చు పెరిగితే కంపెనీ భరించగలదు. పదిహేను, ఇరవై వేల ట్యాబ్‌లో మిగిలేదే తక్కువ. అక్కడ రెండే దారులు. రేటు పెంచడం, లేదంటే అదే రేటుకి తక్కువ ర్యామ్ ఇవ్వడం. అంటే పైన చెప్పిన 526 రూపాయల జీతం ఈసారి మైనస్‌లోకి పోవచ్చు. ఆగినందుకు మనమే ఎదురు కట్టాల్సి రావచ్చు. చవక ట్యాబ్ మీద కన్నేసి, దాంతో చేసే పని కూడా ఉన్నవాళ్లు ఇలాంటప్పుడు ‘ఇంకా తగ్గుతుందేమో’ అని కూర్చోవడం నాకైతే అర్థం లేని పని అనిపిస్తోంది.

అలాగని చవగ్గా దొరికిందని రెండుమూడేళ్ల పాత మోడల్ మీద పడొద్దు. అప్‌డేట్ల గడియారం మీరు కొన్న రోజు నుంచి తిరగదు, మోడల్ విడుదలైన రోజు నుంచి తిరుగుతుంది. 2025 సెప్టెంబరులో ఐప్యాడ్‌ఓఎస్ 26 వచ్చినప్పుడు 2019 నాటి ఏడో తరం ఐప్యాడ్‌ని లిస్టులోంచి తీసేశారు. దాన్ని మొదట్లోనే కొన్నవాళ్లకి ఆరేళ్లు నడిచింది. ఏడాది తర్వాత క్లియరెన్స్‌లో కొన్నవాళ్లకి ఐదేళ్లే. ఆఫర్‌లో మిగిలిన డబ్బుని ఆ పోయిన ఏడాదితో పోల్చుకోండి. శాంసంగ్ ట్యాబ్ ఎస్10 సిరీస్‌కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది, అదీ 2024లో విడుదలైనప్పటి నుంచే. చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఈ లెక్క ఇంకా చిన్నది. బాక్సు మీద ఉండదు, కంపెనీ సైట్‌లో వెతుక్కోవాలి.

పెన్ను ఖర్చు కూడా చాలామంది మర్చిపోతారు. ఐప్యాడ్‌కి పెన్సిల్ విడిగా కొనాలి. శాంసంగ్ ఎస్ సిరీస్‌కీ, ఎఫ్ఈ మోడళ్లకీ పెన్ను బాక్సులోనే వస్తుంది. యాపిల్‌లో చవకైన యూఎస్‌బీ సీ పెన్సిల్‌కి ఒత్తిడిని గుర్తించే సెన్సర్ లేదు. నోట్స్‌కి బాగానే ఉంటుంది, బొమ్మలేసేవాళ్లకి మాత్రం నిరాశే. సినిమాల కోసమైతే వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో అడగండి. ఎల్3 మాత్రమే ఉంటే స్క్రీన్ ఎంత గొప్పదైనా నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు. ‘4 జీబీ ప్లస్ 4 జీబీ వర్చువల్ ర్యామ్’ అని రాసుంటే రెండో నాలుగుని కొట్టేసి చదువుకోండి. అది స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్నది, ర్యామ్ అంత వేగం దానికుండదు.

ఇంట్లో ఇంటర్ సెకండియర్ పిల్లలున్నవాళ్లకి నా సలహా వేరు. మార్చిలో పరీక్షలు పెట్టుకుని జనవరిలో కొత్త ట్యాబ్ కొనివ్వకండి. కొత్త ట్యాబ్‌తో మొదటి రెండు వారాలు ఎవరూ చదవరు. నోట్స్ యాప్‌లు మారుస్తారు, ఫోల్డర్లకి రంగులేస్తారు, చేతిరాత అందంగా వచ్చేదాకా పేరు రాసుకుంటూ కూర్చుంటారు. ఇక్కడ ఆగాల్సిందే. మేలో ఎప్‌సెట్, నీట్ అయ్యాక, కాలేజీలో చేరేలోపు కొంటే స్టూడెంట్ ఆఫర్లు కూడా కలిసొస్తాయి. సంవత్సరం మొదట్లో ఉన్నవాళ్లు మాత్రం మధ్య దాకా లాగొద్దు. కొనాల్సిన నెలని కంపెనీ లాంచ్ కాదు, మన పరీక్షల టైమ్‌టేబుల్ చెప్పాలి.

ట్యాబ్ అవసరం ఇప్పుడే ఉంది, మనసు మాత్రం రాబోయే మోడల్ మీదే ఉంది అనేవాళ్లకి ఇంకో దారి ఉంది, సెకండ్ హ్యాండ్. ఏడాది వాడిన ట్యాబ్ కొనుక్కుని పని నడిపించి, అనుకున్నది వచ్చాక దీన్ని అమ్మేయొచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లినా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా రెండు పనులు మాత్రం అక్కడికక్కడే చేయాలి. ఒక ఇరవై నిమిషాలు వీడియో నడిపించి బ్యాటరీ ఎన్ని శాతం పడిందో చూడండి. తర్వాత అమ్మే మనిషి చేతే పాత అకౌంట్ సైన్ ఔట్ చేయించి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించండి. లేకపోతే పాత ఓనర్ పాస్‌వర్డ్ అడుగుతూ అది పలకలా మిగిలిపోతుంది. రీసెట్ అయి, ఎవరి పాస్‌వర్డూ అడక్కుండా సెటప్ పూర్తయ్యి హోమ్ స్క్రీన్ కనిపించాకే ఫోన్‌పే తీయండి.