బండి బరువు ఎక్కడ ఉండాలి?

పిల్లలూ! మిరపకాయల రోజులలో మాచర్ల నుంచి గాని, గురజాల నుంచి గాని గుంటూరు వైపు పోయే రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. ట్రాక్టరు వెనక ట్రాక్టరు వస్తుంటుంది. వాటి ట్రక్కులలో మిరపటిక్కీలుంటాయి, పత్తి బోరాలుంటాయి, ఒక్కొక్క దానిలో నాపరాళ్ళుంటాయి.

అయితే అన్ని ట్రాక్టర్లూ ఒక్కతీరుగా పోవు. ఒకటి నిబ్బరంగా సాగిపోతుంది. మరొకటి చిన్న మిట్ట ఎక్కేసరికి, గుర్రం ముందుకాళ్ళు ఎత్తినట్టు, ముందుచక్రాలు పైకి లేపుతుంది. రెండింటి బరువూ ఒకటే కావచ్చు. తేడా అంతా ఆ బరువును ఎక్కడ పెట్టారన్న దానిలో ఉన్నది.

ఈ కిటుకు ట్రాక్టర్లు రాకముందే పల్నాటి బండివాళ్ళకు తెలుసు. ఎడ్లబండికి రెండు చక్రాలు, మధ్య ఒక ఇరుసు. ముందుకు నొగ, దాని చివర కాడి. ఆలోచించి చూస్తే బండి ఒక పెద్ద త్రాసే! ఇరుసు త్రాసుముల్లు ఉండే చోటు. ముందువైపు బరువు ఎక్కువైతే కాడి కిందికి దిగుతుంది. వెనకవైపు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది.

త్రాసు లెక్కను రెండువేల రెండువందల ఏళ్ళకు పూర్వమే సిరక్యూజ్ నగరంలో ఉండిన ఆర్కిమిడీసు అనే గ్రీకు పండితుడు వివరించాడు. బరువును, అది ఇరుసుకు ఎంత దూరంలో ఉన్నదో ఆ దూరంతో హెచ్చవేయాలి. దాన్నిబట్టి అవతలి కొసను ఎంత బలం పనిచేస్తుందో తెలుస్తుంది.

ఒక లెక్క చేద్దాం. బండిలో 20 టిక్కీలున్నాయి. ఒక్కొక్కటి 40 కిలోలనుకుంటే మొత్తం 800 కిలోలు. ఇరుసు నుంచి కాడికి 8 అడుగుల దూరం. టిక్కీలను సర్దడంలో బరువు మధ్యభాగం ఇరుసుకు ఒక్క అడుగు ముందుకు పడిందనుకోండి. 800ను 1తో హెచ్చవేసి 8తో భాగిస్తే 100. అంటే కాడి మీద 100 కిలోలు! ఒక్కొక్క ఎద్దు మెడ మీద 50 కిలోలు. పాపం, నోరులేని జీవాలు! అవి బండి లాగాలా, బరువు మోయాలా? మెడలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

అలాగని బరువంతా వెనక్కు నెట్టితే? అప్పుడు కాడి పైకి లేస్తుంది. కాడికి కట్టిన తాడు ఎద్దు గొంతుకు కింది నుంచి పట్టుకుంటుంది. ఊపిరాడని ఎద్దు ఏం లాగుతుంది? అందుచేత తెలిసిన బండివాడు బరువును ఇరుసు మీదికి తెచ్చి, ఏ కాస్తో ముందుకు మొగ్గేటట్టు సర్దుతాడు. ఎడ్లను కట్టే ముందు కాడిని చేత్తో ఎత్తి చూస్తాడు. మరీ బరువుగా ఉంటే ఒక బస్తాను వెనక్కు జరుపుతాడు. తేలిపోతుంటే ముందుకు జరుపుతాడు. మిట్ట ఎక్కేటప్పుడు బండి వెనక్కు వాలుతుంది గనక తాను ముందుకు వచ్చి కూర్చుంటాడు. పల్లం దిగేటప్పుడు వెనక్కు జరుగుతాడు. ఆర్కిమిడీసు పేరు వినకపోయినా ఆయన సూత్రం మాత్రం తప్పడు!

ఇక ట్రాక్టరు సంగతి. రెండుచక్రాల ట్రక్కును ట్రాక్టరు వెనక కొక్కేనికి తగిలిస్తారు. ఆ కొక్కెం ట్రాక్టరు వెనకచక్రాల ఇరుసుకు ఇంకా వెనకగా ఉంటుంది. ట్రక్కులో బరువు ముందుకు చేరితే కొక్కెం కిందికి నొక్కుకుంటుంది. ట్రాక్టరు కూడా త్రాసే గదా! వెనక కొస దిగితే ముందుకొస తేలుతుంది.

కొక్కెం వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనక ఉన్నదనీ, ముందు ఇరుసు 2 మీటర్లు ముందున్నదనీ అనుకుందాం. కొక్కెం మీద 500 కిలోలు పడితే ముందుచక్రాల మీది బరువు 200 కిలోలు తగ్గిపోతుంది. ట్రాక్టరును తిప్పేవి ముందుచక్రాలే. అవి నేలను గట్టిగా తాకకపోతే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు. కాలవగట్టు మీద అలా జరిగితే ఎంత ముప్పు! అందుకే కొందరు ట్రాక్టరు ముక్కుకు ఇనుపదిమ్మలు బిగిస్తారు. కొక్కేన్ని కూడా కిందుగానే ఉంచాలి. గొలుసును ఎత్తైన చోట కట్టి లాగితే ట్రాక్టరు వెనక్కు తిరగబడవచ్చు.

నాపరాళ్ళతో మరీ జాగ్రత్త కావాలి. పత్తి ట్రక్కు నిండా పట్టినా తేలిక. రాయి కొద్ది చోటులోనే బోలెడు బరువు. దింపడానికి వీలుగా ఉంటుందని రాళ్ళన్నీ వెనక అంచున పేరిస్తే, కొక్కెం పైకి లేచి, ట్రాక్టరు వెనకచక్రాలకు నేల మీద పట్టు పోతుంది. ట్రక్కు పాముతోకలాగా అటూ ఇటూ ఊగుతుంది.

అమెరికాలో కొందరు సెలవులకు ఏకంగా చక్రాల ఇంటినే వ్యానుబండి వెనక తగిలించుకుని పోతారు! వాళ్ళదీ ఇదే లెక్క. ఇంటిబండి బరువు నూరు పాళ్ళయితే 10 మొదలు 15 పాళ్ళు కొక్కెం మీద పడేటట్టు సామాను సర్దుతారు. అంత బరువుకు ముందుబండి తోక వాలి, దీపాలు ఆకాశంలోకి చూస్తాయి. దానికి ఉపాయంగా కొక్కెం దగ్గర రెండు స్ప్రింగు కడ్డీలు బిగిస్తారు. తోపుడుబండి పిడులు ఎత్తినట్టుగా అవి కొక్కేన్ని పైకి లేవనెత్తి, కొంత బరువును ముందుచక్రాలకూ, కొంత ఇంటిబండి చక్రాలకూ పంచుతాయి. బండి మళ్ళీ సమంగా నిలుస్తుంది.

మీరూ ఇంట్లో పరీక్ష చేయవచ్చు. ఒక అడుగుబద్దను పెన్సిలు మీద అడ్డంగా నిలపండి. దాని మీద ఒక రూపాయి బిళ్ళను పెట్టి, కొంచెం కొంచెంగా జరుపుతూ ఏ కొస ఎప్పుడు లేస్తుందో చూడండి. బండి రహస్యమంతా ఆ బద్ద మీదే కనిపిస్తుంది.

ఒక్క మాట మరవకండి. ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య ఉండే కడ్డీ మీద ఎప్పుడూ ఎక్కి కూర్చోవద్దు. ముందుచక్రాలు లేచినా, ట్రక్కు ఊగినా, ముందుగా కింద పడేది అక్కడ కూర్చున్నవాళ్ళే.