చదువుకునే కంప్యూటర్‌కు కట్టుబాట్లు

పైసా ఖర్చు లేని సెట్టింగ్‌లతో విద్యార్థి ఏకాగ్రతకు రక్షణ

ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ వంటి ప్రవేశ పరీక్షలు కంప్యూటర్‌పైనే జరుగుతున్నాయి. నమూనా పరీక్షలకు, వీడియో పాఠాలకు ఇంట్లో కంప్యూటర్ తప్పనిసరైంది. అయితే పాఠం పక్కనే ఆటలు, సినిమా దృశ్యాలు, సందేశాలు కాచుకుని ఉంటున్నాయి. వాటిలో గంటలు కరిగిపోతే నష్టపోయేది విలువైన విద్యాసంవత్సరమే. కంప్యూటర్‌ను దూరం పెట్టకుండా దానికి హద్దులు గీయడం ఎలాగంటే...

ముందుగా సందేశాలు ఆపాలి: విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్‌లోని నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి 'డు నాట్ డిస్టర్బ్'ను ఎంచుకోవాలి. రోజూ చదివే వేళలను ముందే నమోదు చేస్తే ఆ సమయానికి అదే అమల్లోకి వస్తుంది. సిస్టమ్‌లోనే ఉన్న 'ఫోకస్'లో అరగంట వంటి వ్యవధి పెట్టుకుని చదవవచ్చు.

విడివిడిగా ఖాతాలు: విద్యార్థికి 'స్టాండర్డ్' ఖాతా ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ పెద్దల వద్ద ఉంచుకోవాలి. కంప్యూటర్‌లోని కీలక మార్పులకు అప్పుడు పెద్దల అనుమతి అవసరమవుతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో పిల్లల ఖాతాను చేర్చితే రోజుకు ఎన్ని గంటలు, ఏ ఆట ఎంతసేపు అన్నది నిర్ణయించవచ్చు. ఇందులోని వెబ్‌సైట్ల వడపోత ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుందన్నది మరవరాదు.

సైట్లకు వేళలు: క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్‌లలో 'లీచ్‌బ్లాక్' అనే ఉచిత ఎక్స్‌టెన్షన్‌ను చేర్చుకోవచ్చు. సాయంత్రం 6 నుంచి 9 గంటల వరకు ఫలానా సైట్లు తెరుచుకోకూడదని నమోదు చేస్తే చాలు.

యూట్యూబ్‌తో జాగ్రత్త: పాఠాలు ఉండేది అందులోనే గనుక పూర్తిగా మూసేయడం కుదరదు. 'ఆటోప్లే' ఆపితే పాఠం ముగిశాక మరో వీడియో దానంతటదే మొదలుకాదు. వీక్షణ చరిత్రను తుడిచేసి, నిలిపివేస్తే మొదటి పేజీలో సిఫార్సుల తాకిడి తగ్గుతుంది. కావాల్సిన పాఠాన్ని వెతుక్కుని చూడటం అలవాటవుతుంది.

ఫోన్ సంగతి: కంప్యూటర్‌కు ఎన్ని తాళాలు వేసినా ఫోన్ చేతిలో ఉంటే ప్రయోజనం శూన్యం. ఆండ్రాయిడ్ ఫోన్లలో 'డిజిటల్ వెల్‌బీయింగ్'లోని ఫోకస్ మోడ్‌తో ఎంచుకున్న యాప్‌లను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు. ఫోన్‌ను వేరే గదిలో ఉంచడం అంతకంటే మేలు.

చెప్పి చేస్తేనే ఫలితం: ఫ్యామిలీ సేఫ్టీ పిల్లల వాడకంపై తల్లిదండ్రులకు నివేదికలు పంపుతుంది. ఈ విషయాన్ని పిల్లలకు ముందే చెప్పాలి. రహస్యంగా నిఘా పెడితే నమ్మకం సడలి, వారు దొడ్డిదారులు వెతుకుతారు. చదువు వేళలు, ఆట వేళలు కలిసి కూర్చుని నిర్ణయించుకోవాలి. సెట్టింగ్‌లు కంచె వంటివే. పంట పండించాల్సింది విద్యార్థే.