సీపీటీ కోడ్

మనం సీబీపీ అనే రక్తపరీక్షను అమెరికాలో సీబీసీ అంటారు. అక్కడ బీమా సంస్థకు బిల్లు పంపాలంటే పరీక్ష పేరు చాలదు, ఐదంకెల సీపీటీ కోడ్ వేయాలి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో తెచ్చిన ఈ కోడ్ల పట్టికను ఏటా సవరిస్తారు. తెల్లకణాల రకాలను కూడా యంత్రమే విడివిడిగా లెక్కిస్తే 85025, ఆ విభజన లేకుంటే 85027. డాక్టరు రెండోది రాస్తే ల్యాబు మొదటిదానికి బిల్లు వేయడం అడగని పనికి డబ్బు గుంజడమే. ఏటా జరిగే సవరణల్లో భాగంగా 2003లో రక్తకణాల కోడ్లు కొన్ని రద్దయ్యాయి. ఇలాంటప్పుడు ఆర్డర్ ఫారాలు, సాఫ్ట్‌వేర్ అన్నీ మార్చుకోవాలి. రద్దయిన కోడ్‌తో వెళ్లిన బిల్లు తిరిగొస్తుంది. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్న మన పిల్లలూ జనవరి రాగానే కొత్త పట్టిక తెరవాలి, జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు.