కాల్వ కట్ట మీది తొవ్వ ఎవరిది?

మా ఊరి నుంచి హైస్కూల్‌కు రెండు తొవ్వలు ఉండె. ఒకటి రోడ్డు, ఇంకోటి కాల్వ కట్ట. రోడ్డు మీదికెల్లి పోతే దగ్గర. అయినా మా నాయన "కట్ట మీదికెల్లే పో బిడ్డా, లారీల నడుమ పోకు" అనెటోడు. కట్టకు ఒక దిక్కు నీళ్లు, ఇంకో దిక్కు వరి పొలాలు, నడుమ సైకిల్ చక్రం పడి గట్టిపడ్డ సన్నని గీత. ఐదేండ్లు ఆ గీత మీదనే తొక్కిన. ఒక్కనాడు గూడ హారన్ మోత వినలే.

మొన్న ఆ కట్ట మీద నడిచి చూసిన. ఒక కాడ సర్కారు తుమ్మ అడ్డం పెరిగింది. ఇంకో కాడ మొరం తవ్వుకపోయిన్రు. ఇంకా ముందుకు పోతే ఎవరో కడీలు పాతి తీగ గుంజిన్రు. సైకిల్ గాదు, మేక గూడ పోలేదు. ఇప్పుడు బడి పిల్లలు నాలుగు లైన్ల రోడ్డు అంచు పట్టుకొని పోతున్నరు. ఇది ఒక్క మా ఊరి ముచ్చటే గాదు.

కేంద్రం లెక్కలే చూడుండ్రి. 2022ల దేశంల రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయిన్రు. అందుల 32 వేలకు పైగా నడుసుకుంట పోయెటోళ్లు. 4,800కు పైగా సైకిల్ మీద పోయెటోళ్లు. వీళ్లెవరూ స్పీడుగ పోయినోళ్లు గాదు. పోనీకె వేరే తొవ్వ లేనోళ్లు.

వేరే తొవ్వ అంటే ఎట్లుంటదో చెప్పాలంటే జర దూరం పోవాలె.

యూరప్‌ల డాన్యూబ్ అని పెద్ద నది ఉంది. జర్మనీల పుట్టి పది దేశాలను తాకుకుంట పోయి నల్ల సముద్రంల కలుస్తది. జర్మనీ సరిహద్దుల ఉన్న పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాక ఆ నది ఒడ్డెంట మూడు వందల కిలోమీటర్లకు పైగా సైకిల్ తొవ్వ ఉంది. చాలా దూరం మోటార్ బండ్లు రావు. ఒక దిక్కు నీళ్లు, ఇంకో దిక్కు అడవి గుట్టలు. నది పారే దిక్కుకే పోతరు గనక ఎత్తులు తక్కువ. అందుకే పిల్లలతోని వచ్చేటోళ్లు, ముసలోళ్లు గూడ వారం రోజులల్ల తొక్కి పోతరు.

ఇది చూసి మనోళ్లు ఒక్కటే మాట అంటరు: "వాళ్లకేంది, పైసలున్నయ్, ఏసుకున్నరు." అదే తప్పు. ఆ తొవ్వ టూరిస్టుల కోసం ఏసింది గాదు.

ఇంజన్లు లేని కాలంల సరుకు పడవలు ఏటికి ఎదురు పోవాలంటే ఒడ్డు మీద గుర్రాలను కట్టి తాళ్లతోని గుంజేటోళ్లు. పెద్ద పడవలకైతే పదుల కొద్ది గుర్రాలు. ఆ గుర్రాలు, వాటిని తోలే కూలోళ్లు తొక్కి తొక్కి ఏసిన బాట అది. ఆడ దాన్ని ట్రెప్పెల్‌వెగ్ అంటరు. 19వ శతాబ్దంల ఆవిరి పడవలు వచ్చినయ్, గుర్రాల పని అయిపోయింది. బాట మాత్రం అమ్ముకోలే, కబ్జా కానియ్యలే. నదిని చూసుకునే శాఖ ఒడ్డు రిపేర్లకు దాన్నే వాడుకున్నది. ఇప్పటికీ చానా కాడ ఆ బాట నది శాఖదే. శాఖ బండ్లకు పర్మిషన్ ఉంటది, కొన్ని కాడ రైతు ట్రాక్టర్లకు ఉంటది, సైకిల్‌కు ఉంటది. కార్లకు ఉండది. 1980ల నుంచి బోర్డులు పెట్టి, ముక్కలన్నీ కలిపి పేరు పెట్టిన్రు.

ముక్కలు కలుపుడే అసలు పని. తొంభై కిలోమీటర్లు మంచి తొవ్వ ఉండి నడుమ ఒక్క కిలోమీటర్ హైవే మీద పోవాలంటే, తల్లి పిల్లను పంపది. ఆ ఒక్క కిలోమీటరే మొత్తం తొవ్వను చంపుతది. డాన్యూబ్ మీద ష్లోగెన్ అనే కాడ నది గుట్టకు తగిలి వెనక్కి మర్లుతది. అక్కడ ఒక ఒడ్డున గుట్ట నిలువుగ నీళ్లల్లకే దిగుతది, తొవ్వకు జాగ లేదు. మన కాడైతే గుట్టను పేల్చేటోళ్లు. వాళ్లు పడవ పెట్టిన్రు. సైకిల్‌ను పడవల పెట్టుకొని జరంత దూరం నీళ్ల మీద పోయి మళ్ల తొవ్వెక్కుతరు.

ఇంకో ముచ్చట. కారు మీద పోయెటోడు ఊర్లను దాటుకుంట పోతడు. సైకిల్ మీద పోయెటోడు దినానికి యాభై, అరవై కిలోమీటర్లు పోతడు. ఆకలైతది, దూపైతది, పొద్దూకితే ఆగాలె. ఆగేది చిన్న ఊర్లనే. అందుకే ఆ నదెంట రైతులు ఇంట్ల ఒక అర్ర కిరాయికిస్తరు, తోటల పండిన ఆప్రికాట్ పండ్లు, ద్రాక్ష సారా వాకిట్లనే అమ్ముతరు. పైసలు పట్నంల ఒక్క కాడ పోగుపడకుంట ఊరూరికి ఇంత చేరుతయ్.

సర్కారు ముందట పడకపోతే ఏం జెయ్యాలె? దానికి ఇంగ్లండ్‌ల బ్రిస్టల్ ముచ్చట ఉంది. 1977ల కొందరు సైకిలోళ్లు సంఘం పెట్టుకున్నరు. జాన్ గ్రిమ్‌షా అనే ఇంజనీర్ వాళ్లల్ల ఉండె. బ్రిస్టల్ నుంచి బాత్ పట్నంకు పోయే ఒక రైలు లైను మూతపడి ఉంది. 1979ల పారలు, తట్టలు పట్టుకొని పోయి ముందుగాల ఐదు మైళ్లు సాఫ్ చేసిన్రు. తర్వాత పని లేని పోరగాళ్లకు సర్కారు ఇచ్చే ఉపాధి స్కీముల కింద కూలి ఇప్పించి మిగిలింది చేసిన్రు. 1986 వరకు పదమూడు మైళ్ల తొవ్వ పూర్తయింది. మన ఉపాధి హామీ యాదికొస్తున్నదా?

2008ల అధికారులు ఆ తొవ్వ మీద బస్సుల రోడ్డు ఏస్తమన్నరు. వేల మంది అడ్డం తిరిగిన్రు. ప్లాను పక్కకు పెట్టక తప్పలే. తొవ్వ ఏసుడు ఒక కొట్లాట, నిలబెట్టుకునుడు ఇంకో కొట్లాట. ఆ సంఘమే తర్వాత సస్ట్రాన్స్ అయింది. 1995ల లాటరీ పైసల నుంచి 4 కోట్ల 35 లక్షల పౌండ్లు తెచ్చుకొని దేశమంత సైకిల్ తొవ్వలు గుర్తుపెట్టింది. అయినా వాళ్ల కాడ గూడ అన్నీ బంగారం గాదు. ఆ తొవ్వలల్ల ఎక్కువ భాగం బండ్లు తిరిగే రోడ్ల మీదనే ఉన్నదని 2018ల వాళ్లే ఒప్పుకున్నరు.

ఇగ మన కాడికి వద్దాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023ల 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఏసిన్రు, పైన సోలార్ కప్పు. మంచిదే, నేను కాదంటలేను. కానీ ఆడ తొక్కుటానికి చానా మంది కారు ఎనుక సైకిల్ కట్టుకొని వస్తరు. పాలక్యాన్లు కట్టుకొని తొక్కేటోనికి, బడికి పోయే ఆడపిల్లకు ఆ కప్పు నీడ అందదు.

వీళ్లకు కావాల్సింది ఇప్పటికే ఉంది. పోచంపాడు నుంచి వచ్చే కాకతీయ కాల్వ ఒక్కటే 284 కిలోమీటర్లు. దాని కింద పిల్లకాల్వలు ఎన్నో. పెద్ద కాల్వ కట్ట మీద జీపు పోనీకె తొవ్వ పెట్టిందే. అది ఇరిగేషన్ శాఖది, అంటే మనది. భూసేకరణ అక్కర్లేదు, ఇల్లు కూలగొట్టే పని లేదు. ఇట్లనే ఊరి నక్షలల్ల బండ్ల బాటలు ఉన్నయ్. నక్షల ఉన్నయ్, నేల మీద లేవు.

అందుకే అడిగేది ఇంతే. ముందుగాల కట్టలు, నక్ష బాటలు కొలిచి హద్దురాళ్లు పాతాలె, కబ్జాలు తియ్యాలె. సైకిల్, వీల్‌చైర్ పట్టి కారు పట్టని గుంజలు నాటాలె. పొలానికి పోయే రైతు ట్రాక్టర్‌కు తాళం తీసే ఏర్పాటు ఉండాలె. మూలమలుపుల కాడ పిల్లలు కాల్వల పడకుంట గోడ, ఎండకు చెట్లు. హైవే దాటే కాడ కిందికెల్లి దారి.

అడవి సంగతి వచ్చినప్పుడు ఒక షరతు. అడవిల సైకిల్ తొవ్వ అంటే ముందుగాల ఆడ బతికే ఆదివాసీ గ్రామసభను అడగాలె. టూరిస్టుకు గేటు తెరిచి, కట్టెలకు, ఇప్పపువ్వుకు పోయే మనిషికి అదే గేటు మూస్తే, అది తొవ్వ గాదు, కంచె.

మీ ఊర్ల కాల్వ కట్ట ఉంటే ఈ ఆదివారం పొద్దుగాల ఒక్కసారి పొయ్యి చూడుండ్రి. ఎంత దూరం సైకిల్ పోతదో, ఎక్కడ ఆగుతదో రాసుకోండ్రి. ఆగిన కాడ ఫొటో తీసి గ్రామసభల పెట్టుండ్రి. ఆ కట్ట కోసం భూమి ఇచ్చింది మన తాతలే, మట్టి మోసింది వాళ్లే. ఆ తొవ్వను అడుగుటానికి మనకు ఎవరి పర్మిషన్ కావాలె?